కోన్ ఫిల్టర్ మోత, ఆ తర్వాత వెలిగిన లైటు – నా అనుభవం

నిన్న సాయంత్రం చెక్ ఇంజిన్ లైటు ఆరిపోయింది. వివరాలు మరిచిపోకముందే రాసేస్తున్నాను.

నాది నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు, మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) ఉన్నది. మొదట ఎయిర్ ఫిల్టర్ డబ్బా కదపకుండా లోపలి పేపర్ ఫిల్టర్ తీసి, నూనె పట్టించే కాటన్ ఫిల్టర్ వేశాను. శబ్దం దాదాపు మారలేదు. మోతను అణిచేది ఫిల్టర్ కాదు మరి. ఆ డబ్బా, దాని గొట్టానికి అతుక్కుని ఉండే బోలు రిజొనేటర్. 3,000 ఆర్‌పీఎం దగ్గర ఈ ఇంజిన్ సెకనుకు 100 సార్లు గాలి పీలుస్తుంది. ఆ కుదుపుల చప్పుడును మింగడానికే రిజొనేటర్ పెడతారు.

తర్వాత డబ్బా తీసేసి కోన్ ఫిల్టర్ బిగించాను. అది శంకువు ఆకారంలో బయటే ఉండే కాటన్ ఫిల్టర్, దీనికీ నూనె పట్టించాలి. పది నంబరు సాకెట్టు, స్క్రూడ్రైవర్, అరగంట పని. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు) గాలిని వదిలే త్రోటిల్ పలక దాదాపు మూసి ఉంటుంది కాబట్టి తేడా తెలియదు. విజయనగరం దాటి నెల్లిమర్ల రోడ్డులో మూడో గేరులో కాలు పూర్తిగా నొక్కితే బానెట్ కింద నుంచి బొంగురు గర్జన! నాకు చాలా నచ్చింది. కానీ అది పికప్ కాదు, వట్టి మోతే. పైగా అడ్డుగోడ లేని కోన్ ఇంజిన్ వేడి గాలినే పీలుస్తుంది. వేడి గాలి పలచన, ట్రాఫిక్‌లో బండి ఇంకా మందగిస్తుంది.

పదో రోజున లైటు వెలిగింది. సర్వీస్ సెంటర్‌లో బానెట్ ఎత్తకుండానే “ఈసీయూ పోయింది సార్, మార్చాలి” అన్నారు. ఈసీయూ అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్. కోన్ పెట్టానని చెప్తే, నలుగురి ముందు “ఇలాంటివి పెట్టించుకుని మా దగ్గరికొస్తారు” అన్నాడు సూపర్‌వైజర్. ఆ మాట ఇంకా మండుతోంది. స్కానర్ గుచ్చి కోడ్ చదవడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఇంటికొచ్చి నేనే స్కానర్ పెట్టాను. కోడ్ పీ0171, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదు. ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఆ కొరత పూడ్చడానికి ఈసీయూ అదనంగా పోసే పెట్రోలు శాతం, ఐడిల్‌లో +4, 2,500 ఆర్‌పీఎంలో +19. త్రోటిల్ దాటాక ఎక్కడైనా గాలి లీకైతే ఐడిల్‌లోనే ఎక్కువ చూపించి, రేజ్ చేస్తే తగ్గాలి. ఇక్కడ తిరగబడింది కాబట్టి అనుమానం సెన్సర్ మీదే. విప్పి టార్చి వేస్తే, వెంట్రుకంత తీగ మీద ఎర్రటి జిగురు. ఫిల్టర్‌కు పట్టించిన నూనె! ఎక్కువ పోసి, ఇంకకముందే బిగించాను. నూనె పూత పడ్డ తీగ గాలిని తక్కువగా కొలుస్తుంది, దాన్ని నమ్మి ఈసీయూ తక్కువ పెట్రోలు లెక్క వేస్తుంది, ఆ కొరతనే ట్రిమ్ పూడ్చాల్సి వస్తుంది. ఈసీయూ తప్పేం లేదు.

మాస్ ఎయిర్ ఫ్లో క్లీనర్‌తోనే పది పన్నెండు సార్లు స్ప్రే చేయండి. కార్బురేటర్ క్లీనర్ వద్దు, గుడ్డ, బ్రష్ అసలే వద్దు. పూర్తిగా ఆరాకే కనెక్టర్ పెట్టండి. నాకు ట్రిమ్ +3కి దిగింది. ఫిల్టర్‌ను లోపలి నుంచి బయటికి నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి, కంప్రెసర్ గాలి కొట్టకూడదు. నూనె మడతల అంచుల మీద సన్నగా పోసి 20 నిమిషాలు ఆగాలి; తెల్లగా మిగిలినచోట మాత్రమే మళ్లీ చుక్క.

పాత డబ్బా మాత్రం పారేయకండి. టెక్కలి వైపు గ్రానైట్ లారీల వెనక లేచే సన్నని రాతి దుమ్మును కాటన్ పేపరంత బాగా ఆపదు. ఆ దుమ్ము లోపలికి పోతే సిలిండర్ గోడలను గీసేస్తుంది. నా డబ్బా అటక మీద ఉంది, అటు వెళ్లే ముందు రోజు దించి బిగిస్తాను.