రైలెక్కిన జనానికి అరవై బొమ్మలు

అమెరికా చిత్రకారుడు జేకబ్ లారెన్స్ గురించి మా శ్రీకాకుళం వాళ్లకి చెప్పాలని ఎప్పటినుంచో ఉంది, ఎందుకంటే ఆయన గీసింది బతుకుతెరువు కోసం ఊరొదిలి రైలెక్కే జనాన్ని. గుజరాత్‌కి వేటకెళ్లే మత్స్యకారులు, చెన్నై, హైదరాబాద్‌లకి బిల్డింగ్ పనులకెళ్లే కుటుంబాలు ఉన్న జిల్లా మనది. ఆ మూటలు, ఆ మొహాలు మనకి కొత్తేం కాదు.

లారెన్స్ 1917లో అట్లాంటిక్ సిటీలో పుట్టారు. తల్లిదండ్రులు అమెరికా దక్షిణాది నుంచి పైకి వలస వచ్చిన నల్లజాతి వాళ్లు. వాళ్లు విడిపోయాక పిల్లలు కొన్నాళ్లు వేరేవాళ్ల ఇళ్లలో పెరిగారు, పదమూడేళ్లప్పుడు ఆయన న్యూయార్క్‌లో నల్లవాళ్లు ఎక్కువగా ఉండే హార్లెం పేటలో అమ్మ దగ్గరికి చేరారు. అమ్మ పనిలో ఉండే వేళ బడి అయిపోయాక ఆర్ట్ క్లాసుకి వెళ్లేవారు, అక్కడ చిత్రకారుడు చార్లెస్ ఆల్‌స్టన్ గురువుగా దొరికారు. జొట్టో లాంటి పాత ఇటలీ చిత్రకారులు, మెక్సికో గోడల మీద గీసిన ఒరోస్కో, వీళ్ల ప్రభావం ఉంది నిజమే, కానీ నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది హార్లెమే. చేతిలో డబ్బుల్లేకపోయినా ఇళ్ల నిండా గాఢమైన రంగులు, డిజైన్లు ఉండేవని ఆయనే చెప్పేవారు. బొమ్మల్లో కనిపించేవి ఆ రంగులే.

1940-41లో, ఇరవై మూడేళ్ల వయసులో, దక్షిణాది నుంచి ఉత్తరాదికి సాగిన నల్లవాళ్ల మహావలసని 60 చిన్న బోర్డుల మీద గీశారు. ముందు లైబ్రరీలో కూర్చుని చరిత్ర చదివారు. తోటి చిత్రకారిణి గ్వెండొలిన్ నైట్ బోర్డులకి తెల్లపూత వేయడంలో సాయం చేశారు, తర్వాత ఆయన్నే పెళ్లి చేసుకున్నారు. ఆయన ఒక బొమ్మ ముగించి ఇంకోటి మొదలుపెట్టలేదు. బోర్డులన్నీ పరుచుకుని ఒక రంగు తీసుకుని అది ఎక్కడెక్కడ కావాలో అన్నిట్లోనూ వేసి, తర్వాత ఇంకో రంగు, అలా ముదురు నుంచి లేతకి వచ్చారు. అందుకే అరవైలో ఏది తీసినా మిగతావాటి తోబుట్టువులా ఉంటుంది.

పదిహేనోది చూస్తే నాకు గొంతు పట్టేస్తుంది. మూకలు నల్లవాళ్లని ఉరితీసి చంపడం గురించి ఆ బొమ్మ, కానీ శవం ఉండదు. ఒక కొమ్మ, ఖాళీ ఉరితాడు, కింద ముడుచుకుని కూర్చున్న ఒక మనిషి. అంతే.

ఇప్పుడు సరిసంఖ్య బొమ్మలు న్యూయార్క్‌లోని మోమా అనే ఆధునిక కళల మ్యూజియంలో, బేసివి వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ కలెక్షన్ మ్యూజియంలో ఉన్నాయి. వడ్డాది పాపయ్య గారు పుట్టిన ఈ ఊళ్లో బొమ్మలేసే పిల్లలకి కొదవలేదు. డ్రాయింగ్ మాస్టార్లూ, ఒక్క పీరియడ్ వాళ్లకి ఫోన్లో అయినా ఇవి వరసగా చూపించండి, తర్వాత మన స్టేషన్‌ని గీయమనండి.