సుద్దనేలలో ఒక సమాధి: ఆంగ్లో-శాక్సన్ తవ్వకంలో నా రోజు

సమాధి అంటే పైన రాయో దిబ్బో ఉంటుందనుకుని వెళితే మొదట ఏమీ కనిపించదు. కేంబ్రిడ్జ్‌కు దక్షిణాన ఒక ఊరి చివరి పొలం అది. పళ్లు లేని వెడల్పాటి బకెట్‌తో జేసీబీ పైమట్టిని పొరలు పొరలుగా గీకేసింది. కింద తెల్లటి సుద్దనేల, అందులో మనిషి పొడవున గోధుమరంగు మచ్చ. అదే సమాధి. సుమారు 1,400 ఏళ్ల కిందట ఆంగ్లో-శాక్సన్లు (ఉత్తర యూరప్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డవాళ్లు) గొయ్యి తీసి పూడ్చిన మట్టి ఇప్పటికీ చుట్టూ ఉన్న సుద్దలో కలిసిపోలేదు.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సెలవు పెట్టి వాలంటీరుగా చేరాను. పొద్దున్నే చెప్పినవి రూల్సే. ఇంగ్లండ్‌లో పాతిపెట్టిన మనిషి ఎముకల్ని నేలలోంచి తీయాలంటే న్యాయశాఖ లైసెన్స్ కావాలి. దానికి ఆధారం 1857 నాటి చట్టం. దారిన పోయేవాళ్లకు కనపడకుండా చుట్టూ తెరలు కట్టారు. ఫొటోలు తీసి సోషల్ మీడియాలో పెట్టడం కుదరదు. నాకది సబబే అనిపించింది. ఎంత పాతదైనా మనిషి మనిషే కదా.

పై పూడిక ముందురోజే సగం తీసేశారు. మిగతాది తాపీతో మన వైపుకు గీకుతూ దిగాలి, పొడవకూడదు. తీసిన మట్టి బకెట్లోకి, బకెట్ నుంచి గుట్ట మీదకి, ఆ గుట్టను ఒకాయన మెటల్ డిటెక్టర్‌తో మళ్లీ వెతకడం. గంటన్నరకు నా తాపీ కింద గుండ్రంగా ఏదో తగిలింది. పుర్రె మిగతా ఎముకల కన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి సాధారణంగా అదే ముందు బయటపడుతుందట. అక్కడితో తాపీ పక్కన పెట్టించి వెదురు పుల్లలు, మెత్తటి కుంచె చేతికిచ్చారు. చెయ్యి వణికింది, అబద్ధం ఎందుకు?

అసలు టెన్షన్ వేళ్ల దగ్గర. ఒక చేతిలో 27 ఎముకలు, పాదంలో 26. కొన్ని శనగగింజంత ఉంటాయి. ఎండకి ఎముక గబగబా ఆరితే పగులుతుందని మధ్యమధ్యలో నీళ్లు స్ప్రే చేస్తూ ఉండాలి. సుద్దనేల కాబట్టే ఎముకలు ఇంత బాగా నిలిచాయి. అదే సఫోక్‌లోని సటన్ హూ అనే పేరుమోసిన ఆంగ్లో-శాక్సన్ సమాధుల చోట మట్టి ఆమ్ల గుణం గల ఇసుక. 1939లో పురావస్తు తవ్వకాలు చేసే బేసిల్ బ్రౌన్ అక్కడ తవ్విన, సమాధిగా పాతిపెట్టిన 27 మీటర్ల ఓడలో చెక్క మొత్తం కరిగిపోయి, ఇనుప రివెట్లు, ఇసుకలో ఓడ ముద్ర మాత్రమే మిగిలాయి.

రెండు భుజాల దగ్గర పచ్చగా చిలుము పట్టిన రెండు కంచు బ్రోచ్‌లు (బట్టను పట్టి ఉంచే అలంకార పిన్నులు) కనిపించాయి. వాటి మధ్య అంబర్ పూసలు, గాజు పూసలు. తీసి చూడాలని చెయ్యి లాగేస్తోంది. "ముట్టుకోవద్దు, ముందు గీయాలి" అంది మా సూపర్‌వైజర్. ఆమె చెప్పాక అర్థమైంది, ఆ రెండు బ్రోచ్‌లూ ఉన్న చోటే ఉంటే ఒక స్త్రీ కట్టుకున్న బట్ట ఎలా నిలిచిందో చెబుతాయి. చేతిలోకి తీసుకుంటే ఉత్త కంచు ముక్కలు. ఒక్కోసారి బ్రోచ్ వెనక చిలుములో ఆ బట్ట పోగులు కూడా అచ్చుపడి ఉంటాయట. అందుకే వాటిని తుడవరు, మట్టితో పాటే తీసి ల్యాబ్‌కు పంపుతారు.

బంగారం దొరికిందా అని మీరూ అడుగుతారు. లేదు. 300 ఏళ్లు దాటిన బంగారు, వెండి వస్తువు దొరికితే 1996 నాటి చట్టం ప్రకారం పద్నాలుగు రోజుల్లో కరోనర్‌కు (ఇలాంటి నిధుల మీద విచారణ చేసే అధికారికి) చెప్పాలి. మాకా అవసరం పడలేదు. టీ బ్రేక్‌లో మాత్రం సటన్ హూ నగల్లోని ఎర్ర గార్నెట్ రాళ్ల మాట వచ్చింది. ఆ కాలంలో యూరప్‌కు చేరిన గార్నెట్‌లలో కొన్ని భారత్, శ్రీలంకల నుంచి వచ్చినవే. పాత ఖమ్మం జిల్లా గరీబ్‌పేట గుట్టలోనూ ఈ రాళ్లు దొరుకుతాయని నేననగానే, బిస్కెట్ నోట్లో పెట్టుకుని అందరూ ఫోన్లో మ్యాప్ తెరిచారు.

మధ్యాహ్నమంతా కాగితాలే. ప్రతి పొరకూ ఒక నంబరు, ప్రతి వస్తువుకూ ఒక నంబరు. తీగలతో గళ్లు కట్టిన చట్రాన్ని సమాధి మీద పెట్టి, ఒక్కో గడిలో ఏముందో గ్రాఫ్ షీట్ మీద దించాలి. స్కేలు, ఉత్తర దిక్కు బాణం పెట్టి ఫొటోలు. ఏ ఎముక ఉంది, ఏది లేదు అని అస్థిపంజరం బొమ్మ మీద రంగులు వేయాలి. తవ్వడం కన్నా దీనికే ఎక్కువ టైం పట్టింది. నాకైతే ఇదే నచ్చింది, బహుశా ఉద్యోగం అలవాటు వల్ల.

ఎముకలు తీసేటప్పుడు కుడివి ఒక సంచిలో, ఎడమవి ఇంకో సంచిలో. పొట్ట ఉన్న చోటి మట్టి విడిగా, పురుగుల గుడ్లు ఉన్నాయేమో చూడటానికి. పళ్లను గ్లవ్స్ లేకుండా ముట్టుకోనివ్వలేదు, డీఎన్‌ఏ కోసం. ఇలాంటి సమాధుల మీద 2022లో వచ్చిన ఒక పరిశోధన, తూర్పు, దక్షిణ ఇంగ్లండ్‌లో అప్పటివాళ్ల వంశమూలాల్లో సగటున 76 శాతం సముద్రం అవతలి ఉత్తర యూరప్‌వేనని తేల్చింది. ఈమె ఆ లెక్కలో ఎటు పడుతుందో పళ్లే చెప్పాలి.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. విషయం విని, "ముందు తలస్నానం చెయ్యి, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేసింది. మోకాళ్ల దాకా సుద్ద పట్టింది కాబట్టి ఆ సలహా ఎటు చూసినా సరైనదే.

పెట్టెలు వ్యాన్ ఎక్కాయి. నడుము దగ్గర దొరికిన తుప్పు ముద్దను కత్తి అని రాయబోతే సూపర్‌వైజర్ కొట్టేయించి "ఇనుప వస్తువు" అని రాయించింది. ఎక్స్‌రే తీశాకే అది కత్తో, తాళంచెవో తేలుతుంది.