పిచ్చుక గూటికి వైర్‌లెస్ కెమెరా: ఇప్పటిదాకా అయిన పని

వెంటిలేటర్ అంచున పిచ్చుకలు గూడు కట్టాయి. దగ్గరికి వెళ్తే చాలు, తల్లి పిట్ట తుర్రుమంటుంది. గుడ్లు చల్లబడిపోతాయేమోనని నాకు ఒకటే టెన్షన్. మనిషి వెళ్లకుండా లోపల ఏం జరుగుతోందో చూడాలంటే కెమెరా ఒక్కటే దారి. నా దగ్గర ఈఎస్‌పీ32-క్యామ్ బోర్డు ఒకటి ఉంది, అంటే వైఫై చిప్, బుల్లి కెమెరా కలిసున్న చిన్న బోర్డు. దాంతోనే మొదలుపెట్టాను.

మొదటి రోజు ప్రోగ్రామ్ ఎక్కించడంతోనే సరిపోయింది. ఈ బోర్డుకు యూఎస్‌బీ సాకెట్ ఉండదు. యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ విడిగా కావాలి. అడాప్టర్ టీఎక్స్‌ను (డేటా పంపే పిన్ను) బోర్డు ఆర్ఎక్స్‌కి (అందుకునే పిన్ను), ఆర్ఎక్స్‌ను టీఎక్స్‌కి కలపాలి. జీపీఐఓ 0 పిన్నును గ్రౌండ్‌కి కలిపి, రీసెట్ నొక్కాకే అప్‌లోడ్ అవుతుంది. అది అయ్యాక ఆ వైరు తీసేసి మళ్లీ రీసెట్ నొక్కాలి. బోర్డుకు ప్రోగ్రామ్ రాసే ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో కెమెరా వెబ్‌సర్వర్ అనే ఉదాహరణ ఉంటుంది, అందులో బోర్డు మోడల్ 'ఏఐ థింకర్' అని ఎంచుకున్నాను. కెమెరా దొరకలేదని 0x105 ఎర్రర్ వచ్చింది. కెమెరాను బోర్డుకు కలిపే రిబ్బన్ కేబుల్ సరిగ్గా కూర్చోలేదు. నల్లటి క్లిప్ ఎత్తి, రిబ్బన్‌ను చివరిదాకా తోసి మూసేస్తే పోయింది.

రెండు, మూడు రోజులు కరెంటుతోనే గడిచాయి. వైఫై కలిసే సరిగ్గా ఆ క్షణానికే బోర్డు రీసెట్ అయ్యేది. బోర్డు పంపే సందేశాలు కనిపించే సీరియల్ మానిటర్‌లో 'బ్రౌనవుట్ డిటెక్టర్ వాజ్ ట్రిగ్గర్డ్' (వోల్టేజీ పడిపోయిందని పసిగట్టాను) అన్న ఒకే వరుస మళ్లీ మళ్లీ. కోడ్‌లో తప్పుందేమోనని ఒక సాయంత్రమంతా వెతికాను. తప్పు కోడ్‌ది కాదు. వైఫై సిగ్నల్ పంపే క్షణంలో బోర్డు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, నా సన్నటి జంపర్ వైర్లలో అప్పుడు వోల్టేజీ పడిపోతోంది. ఆ డిటెక్టర్‌నే ఆపేయమని చాలామంది చెబుతారు, నేను మాత్రం ఆపను. అది జబ్బును చెప్పేదే తప్ప జబ్బు కాదు. అడాప్టర్ 3.3 వోల్టులు వదిలేసి, విడిగా 2 ఆంపియర్ల ఫోన్ ఛార్జర్ నుంచి 5 వోల్టుల పిన్నుకి పొట్టి, లావు వైర్లు వేశాను. ఆ క్షణంలో లోటు పూడ్చడానికి బోర్డు పక్కనే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాను. ఆ తర్వాత ఒక్క రీసెట్ కూడా లేదు.

ఇక అసలు సంబరం. ఫోన్‌లో వీడియో వచ్చింది, కానీ 30 సెంటీమీటర్ల దూరంలోని గూడు మసకగా ఉంది. దూరంగా ఉన్న గోడ మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. బోర్డు మీదున్న ఈ ఓవీ2640 కెమెరాకు ఫోకస్ మార్చే ఏర్పాటు లేదు, లెన్స్‌ను గమ్ చుక్కతో కదలకుండా అతికించి ఉంచుతారు. భూతద్దం కింద పెట్టి, బ్లేడు మొనతో ఆ చుక్కను కొద్దికొద్దిగా గీకాను. ఒక చేత్తో కింది చట్రాన్ని పట్టుకుని, లెన్స్‌ను అపసవ్యంగా ఓ పావు చుట్టు తిప్పాను. టక్కుమని వదులైంది. గూడంత దూరంలో అచ్చు కాగితం పెట్టి, అక్షరాలు తేటపడేదాకా వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ పోయాను. గూడు దగ్గర ప్రయోగాలు చేయకుండా టేబుల్ మీదే ఈ పని ముగించడం మంచిదైంది.

సైజు విషయంలో ఒక లెక్క చెప్పాలి. 640×480 బొమ్మను పిక్సెల్‌కి 2 బైట్ల చొప్పున దాస్తే 6,14,400 బైట్లు. ఈఎస్‌పీ32 లోపలి ర్యామ్ మొత్తం 520 కిలోబైట్లే! అందుకే కెమెరా చిప్పే బొమ్మను జేపెగ్‌గా కుదించి ఇస్తుంది, పక్కనున్న అదనపు మెమరీ చిప్ పీఎస్‌ర్యామ్ ఫ్రేములను దాచుకుంటుంది. నాకు 640×480, క్వాలిటీ 12 బాగా కుదిరాయి. ఆ అంకె తగ్గేకొద్దీ బొమ్మ మెరుగవుతుంది, ఫైలు బరువెక్కుతుంది. 1600×1200 పెడితే బొమ్మలు ఆగి ఆగి వచ్చాయి. కరెంటు ఆదా కోసం వైఫై మధ్యమధ్యలో కునుకు తీసే వైఫై స్లీప్‌ను ఆపేశాక ఆలస్యం బాగా తగ్గింది. రూటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పనికొస్తుంది, 5 గిగాహెర్ట్జ్ ఈ చిప్‌కు కనబడదు. ఇంకో సంగతి, ఈ ఉదాహరణ కోడ్‌లో ఒకసారికి ఒక్కరే వీడియో చూడగలరు. ఇంట్లో రెండో ఫోన్ తెరిస్తే ఖాళీ తెరే వచ్చింది.

బోర్డు మీది తెల్ల లైటు చాలా తీక్షణంగా వెలుగుతుంది. పిట్ట బెదురుతుందని దాన్ని కోడ్‌లోంచే తీసేశాను. బోర్డు వేడెక్కుతుంది కాబట్టి ప్లాస్టిక్ డబ్బీకి వెనకవైపు ఐదారు రంధ్రాలు పెట్టాను. తల్లి మేతకు వెళ్లినప్పుడు రెండు నిమిషాల్లో బిగించి వచ్చేశాను. ఓ అరగంటకు అది తిరిగొచ్చింది. డబ్బీ వైపు తల వంచి చూసి, మెల్లగా గుడ్ల మీద కూర్చుంది. ఆ అరగంటా నేను ఫోన్ కింద పెట్టలేదు.

తర్వాతి పని బ్యాటరీ. 3000 మిల్లీ ఆంపియర్ అవర్ల 18650 సెల్‌లో (మళ్లీ ఛార్జ్ చేసుకునే లిథియం సెల్) సుమారు 11 వాట్ అవర్లుంటాయి. బోర్డు 5 వోల్టుల దగ్గర 180 మిల్లీ ఆంపియర్ల చొప్పున తీసుకున్నా, సెల్ వోల్టేజీని 5 వోల్టులకు పెంచే బూస్ట్ మాడ్యూల్‌లో పోయేది పోగా, పది గంటలు వస్తుంది. పగలు చాలావరకు చూడటానికి అది చాలు. సెల్ మార్చడానికి చీకటి పడ్డాక వెళ్లి పిట్టను లేపకూడదు కదా, అందుకని సెల్‌ను కిటికీకి ఇవతల పెట్టి పొడుగు వైరు వేస్తాను. ఆ వైరులో వోల్టేజీ ఎంత పడుతుందో రేపు మీటర్ పెట్టి చూడాలి.