లిటిల్టన్ మాస్టారి దగ్గర మా అబ్బాయి ఏం నేర్చుకోవాలి?

మేముండేది ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌లో. పక్కనే హెయిలీబరీ. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్, 1817లో మద్రాసు చేరకముందు చదువుకున్నది అక్కడి ఈస్టిండియా కంపెనీ కాలేజీలోనే. కంపెనీతో పాటే ఆ కాలేజీ కూడా పోయింది. 1862 నుంచి అవే భవనాల్లో బడి నడుస్తోంది. నాకు ఆ ఊరంటే బ్రౌన్ దొర. మా అబ్బాయికి మాత్రం 1890 నుంచి 1905 దాకా ఆ బడికి హెడ్మాస్టరుగా చేసిన ఎడ్వర్డ్ లిటిల్టన్.

కారణం క్రికెట్. 1878లో ఆయన కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ జట్టు కెప్టెన్. ఆస్ట్రేలియన్లను ఆ జట్టు లార్డ్స్‌లో ఇన్నింగ్స్ తేడాతో ఓడించింది. ఆ పర్యటనలో ఆస్ట్రేలియన్ల మీద సెంచరీ కొట్టింది కూడా ఆయనొక్కడే, మిడిల్‌సెక్స్ కౌంటీ తరఫున 113. అదే ఏడాది స్కాట్లండ్ మీద ఇంగ్లండ్‌కు ఫుట్‌బాల్ ఆడాడు. అందులో 7-2తో చిత్తుగా ఓడిపోయారనుకోండి. ఆ తర్వాత పంతులయ్యాడు, పాస్టరూ అయ్యాడు.

"ఎప్పుడూ ఆటలేనా, చదువెప్పుడురా నాన్నా?" అని వీడియో కాల్లో మా అమ్మ అడిగితే, వీడు బ్యాటుకు అవిసె నూనె పట్టిస్తూ "లిటిల్టన్ రెండూ చేశాడు అమ్మమ్మా" అంటాడు. నిజమే. కానీ ఆయన ప్రభువుగారి కొడుకు, రేపటి తిండి గురించి బెంగ లేదు. మన ఇళ్లలో చదువే ఎందుకు దిక్కయిందో కూడా వాడికి తెలియాలని చెబుతూనే ఉంటాను.

ఆయనలో అన్నీ నాకు నచ్చవు. 1900లో దక్షిణాఫ్రికాలో బోయర్ల యుద్ధంలో, బ్రిటిష్ సేన చిక్కుకున్న లేడీస్మిత్ ఊరి ముట్టడి వీడిందని పిల్లలు సెలవడిగితే ఇవ్వలేదు. వాళ్లు ఊరేగింపు తీస్తే చాలామందిని బెత్తంతో కొట్టాడు. దెబ్బలు తిన్నవాళ్లలో క్లెమెంట్ అట్లీ ఒకడు. 1947లో మనకు స్వాతంత్ర్యం వచ్చినప్పుడు బ్రిటన్ ప్రధాని ఆయనే.

నాకు ముఖ్యమనిపించేది 1915 మార్చి. అప్పటికి ఆయన ఈటన్ అనే పేరున్న మగపిల్లల బడికి హెడ్మాస్టరు. జర్మనీతో యుద్ధం జోరు మీదుంది. వెస్ట్‌మినిస్టర్‌లోని సెయింట్ మార్గరెట్ చర్చిలో ప్రసంగిస్తూ, శత్రువుతోనైనా న్యాయంగానే ఉండాలని, మనమూ ఏదైనా వదులుకోవడానికి సిద్ధపడాలని అన్నాడు. స్పెయిన్ కొసన బ్రిటన్ చేతిలో ఉన్న జిబ్రాల్టర్ ప్రస్తావన కూడా తెచ్చాడు. పత్రికలు విరుచుకుపడ్డాయి. 1916లో ఈటన్ వదిలేశాడు.

ఇండియా, ఇంగ్లండ్ మ్యాచ్ ఉన్నప్పుడల్లా "నువ్వెటు?" అని బడిలో మా వాణ్ని నిలదీస్తారు. ఒక పక్షాన ఉంటే రెండో పక్షాన్ని తిట్టాల్సిన పని లేదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. మా ఆయన ఒప్పుకోరు. ఈటన్‌లో చదివిన కుర్రాళ్లు ఫ్రాన్స్‌లో ప్రాణాలు పోగొట్టుకుంటున్న రోజుల్లో, ఆ తల్లుల ముందు ఆ మాట అనకూడదంటారు. అప్పుడే అనాలంటాను నేను. వాడు మా ఇద్దరి మాటా విని, "ఆ తల్లుల్లో ఎవరైనా ఆయనకి ఉత్తరం రాశారా?" అని అడిగాడు.