ఫ్రిజ్ తలుపు, రెండు వందల యూనిట్లు

ఈసారి కరెంటుకి జీరో బిల్లు రాలేదు. 207 యూనిట్లు. బిల్లు కొట్టే అబ్బాయి కాగితం చింపి చేతిలో పెట్టి "అక్కా, ఏడు యూనిట్లు ఎక్కువైనయ్" అని పక్కింటికి వెళ్ళిపోయాడు. ఏడు యూనిట్ల డబ్బులు కడితే సరిపోతుందనుకుంది మా అత్తమ్మ, పాపం. తెలంగాణలో ఇళ్ళకి ఉచితంగా కరెంటిచ్చే గృహజ్యోతి స్కీము లెక్క అలా ఉండదు కదా. 200 లోపు ఉంటే సున్నా, దాటితే మొదటి యూనిట్ నుంచీ కట్టాల్సిందే. పైగా స్లాబు మారిపోయి ఆ మొదటి రెండు వందల యూనిట్లకే యూనిట్‌కి 5 రూపాయల 10 పైసలు పడుతుంది. మిగతా చార్జీలన్నీ కలిపి పదకొండు వందల పైచిలుకు తేలింది. 2024 మార్చిలో స్కీము మొదలైనప్పటి నుంచి నెల ఖర్చుల పుస్తకంలో కరెంటు బిల్లు అన్న గీతే తీసేశాను నేను. ఆ డబ్బు ఎప్పుడో చిట్టీలో కలిసిపోయింది, ఇప్పుడు దాన్ని ఎక్కణ్ణుంచి లాగాలి?

ఇవాళ ఆదివారం, అందరూ ఇంట్లోనే ఉన్నారు కాబట్టి పొద్దున్నే పంచాయితీ మొదలైంది. అత్తమ్మ తప్పంతా మిక్సీది అంది, ఎందుకంటే అది వేసినప్పుడల్లా వీధి చివరిదాకా వినపడుతుంది. మా ఆయన ముందు గదిలో ఫ్యాన్ని అన్నాడు, అది గరగరమంటూ ఐదు మీద పెట్టినా రెండు మీద ఉన్నట్టు తిరుగుతుంది. పిల్లాడు మాత్రం టీవీ కాదు, టీవీ కాదు అని ముందే చెప్పేశాడు. ఇంట్లో చప్పుడు చేసేవన్నీ దొంగల్లాగే కనపడతాయి. నాకేమో ఫ్రిజ్ మీద అనుమానం. ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచి రాత్రి ఎప్పుడు మెలకువ వచ్చినా అది నడుస్తూనే ఉంటోంది, మధ్యలో టక్కున ఆగి ఊరుకోవడం అన్నదే లేదు.

అనుమానం దేనికి, చూసేద్దామని అన్ని స్విచ్చులూ ఆపించి ఫ్రిజ్ ఒక్కటే ఉంచాను. మా మీటరు మీద చిన్నక్షరాల్లో 3200 అని ఉంటుంది, అంటే ఆ ఎర్ర లైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అయినట్టు. పిల్లాడు ఫోన్లో టైమరు పెట్టుకుని మీటరు ముందు నిలబడ్డాడు. నిమిషానికి ఎనిమిది మెరుపులు. గంటకి 480, అంటే గంటకి 0.15 యూనిట్, 150 వాట్లన్నమాట. పాత ఫ్రిజ్‌కి అది మరీ ఎక్కువేం కాదు, కాకపోతే సగంసేపు నడిచి సగంసేపు ఆగాలి. ఆగకుండా 24 గంటలూ నడిస్తే రోజుకి 3.6 యూనిట్లు, నెలకి 108. మనకిచ్చే రెండు వందల్లో సగం పైన అదే తినేస్తుంటే మిగతా ఇల్లంతా దేంతో నడవాలి?

తలుపుకీ ఫ్రిజ్‌కీ మధ్య పది రూపాయల నోటు పెట్టి మూసి లాగితే, తలుపు పట్టు బాగుంటే నోటు బిగుసుకోవాలి. పైన బిగుసుకుంది. కింద మూలలో పెట్టగానే జారి నేల మీద పడింది. వంగి చూస్తే అక్కడ తలుపు అంచు చుట్టూ ఉండే గ్యాస్కెట్ రబ్బరు గట్టిపడి, పగుళ్ళు పట్టి, మడతల్లో నల్లటి బూజుతో ఉంది. దాన్లో ఉండే అయస్కాంతం పట్టీ లాగుతూనే ఉన్నా రబ్బరు వంగనంటోంది. ఆ సందులోంచి వేడి గాలి లోపలికి పోయి ఫ్రీజర్లో మంచు నాలుగు వేళ్ళ మందం పేరుకుంది, పాలప్యాకెట్టు దానికి అతుక్కుపోయింది.

కంపెనీ సర్వీసుకి ఫోన్ చేశాను. మనిషి వచ్చి చూసి వెళ్ళడానికే ఐదు వందల పైన, గ్యాస్కెట్ సంగతి తర్వాత. పైగా "ఆ మోడల్ ఆగిపోయింది మేడమ్, ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి" అని సలహా. ఈ మాట వినగానే మా ఆయన మొహం వెలిగిపోయింది. నో కాస్ట్ ఈఎంఐ అట, ఐదు స్టార్లట, నెలకి పదమూడు వందలేనట. కరెంటు బిల్లు పదకొండు వందలు ఎలా కట్టాలా అని కూర్చుంటే పదమూడు వందలు "ఏనట"! నేనేం మాట్లాడలేదు, లేచి వెళ్ళి స్టవ్ మీద నీళ్ళు పెట్టాను.

మా సందు చివర ఫ్రిజ్‌లు బాగు చేసే అన్న ఉన్నాడు. మధ్యాహ్నం వచ్చి చూశాడు, వచ్చినందుకు ఏమీ తీసుకోలేదు. వెనక చెయ్యి పెట్టి చూసి, కంప్రెషర్ చప్పుడు విని "మిషన్ గట్టిదే అక్కా, గ్యాస్కెట్ మారిస్తే చాలు" అన్నాడు. కొలత తీసుకెళ్ళి అదే సైజుది తెప్పిస్తాడట, తొమ్మిది వందలు చెప్పాడు, ఏడువందల యాభైకి ఒప్పుకున్నాడు. జీతం పడ్డాక బిగించమన్నాను. అప్పటిదాకా ఏం చెయ్యాలో కూడా అతనే చెప్పాడు: ఫ్రీజర్ మంచు కరగనివ్వాలి, చాకుతో మాత్రం గీకొద్దు, గీకితే గ్యాస్ పైపుకి చిల్లు పడి అసలుకే మోసం వస్తుంది. గ్యాస్కెట్ని సబ్బు నీళ్ళతో కడిగి, వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ మూల మీద అదిమి పట్టుకుని, రబ్బరు మెత్తబడ్డాక చేత్తో బయటికి లాగి తలుపు మూసి ఉంచాలి. ఫ్రిజ్‌ని గోడకి ఆనించకుండా జానెడు ఇవతలికి జరిపి వెనక జాలీకి పట్టిన దుమ్ము దులపాలి. దులిపితే వచ్చిన దుమ్ముకి అత్తమ్మ తుమ్ములు ఆగలేదు.

ఈ హడావుడిలోనే వీధిలోకి ఆటో వచ్చింది, మైకులో "మిక్సీలు, కుక్కర్లు, గ్యాస్ స్టవ్‌లు బాగు చేయబడును" అని. మిక్సీలో మోటారునీ జార్‌నీ కలిపే కప్లర్ పళ్ళు అరిగిపోయి జార్ తిరగకుండా మోటారొక్కటే అరుస్తోంది, ఆ చప్పుడే అత్తమ్మ చెప్పేది. అరవై రూపాయలతో కొత్త కప్లర్ పడింది. పనిలో పనిగా కుక్కరు కూడా తెచ్చి ఇచ్చింది అత్తమ్మ. ఆటో అతను సంచిలోంచి సేఫ్టీ వాల్వ్ ఒకటి తీశాడు, పేరు లేదు, ముద్ర లేదు, ఇరవై రూపాయలే. వద్దన్నాను. కుక్కరు గ్యాస్కెట్ వదులైతే చన్నీళ్ళలో వేసి ఇంకో నెల లాగిస్తాను, హ్యాండిల్ ఊగితే స్క్రూ బిగించి వాడతాను, కానీ సేఫ్టీ వాల్వూ గ్యాస్ పైపూ ఈ రెండింటి దగ్గర మాత్రం బేరం లేదు. ప్రెషర్ దాటినప్పుడు కరిగి దారివ్వాల్సిన వాల్వ్ కరగకపోతే మూత ఎటు లేస్తుందో ఎవరికి తెలుసు? సాయంత్రం స్టీల్ సామాన్ల కొట్టుకి వెళ్ళి కుక్కరు కంపెనీ వాల్వే తెచ్చుకున్నాం. గ్యాస్ పైపు మీద తేదీ కూడా చూశాను, ఐదేళ్ళు నిండటానికి ఇంకా టైముంది.

ఫ్యాన్ పని మా ఆయనే చేశాడు, చెప్పుకోవాలి. మెయిన్ ఆపి, స్టూలెక్కి, పాత కండెన్సర్ తీసి 2.5 అని రాసున్నదే తెచ్చి బిగించాడు. యాభై రూపాయలు. ఇప్పుడు మూడు మీద పెడితేనే క్యాలెండర్ కాగితాలు లేస్తున్నాయి. కరెంటు మాత్రం దీనివల్ల పెద్దగా మిగలదు, మామూలు ఫ్యాన్ ఫుల్ మీద 75 వాట్ల దాకా తింటుంది. తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న ముప్పై వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను వేస్తే, రోజుకి ఇరవై గంటలు తిరిగేదానికి నెలకి 27 యూనిట్లు తగ్గుతాయి. ఆ లెక్క ఆయనకి చూపించాను. ఫ్రిజ్ మాట మానేసి ఇప్పుడు ఆ ఫ్యాన్ల రేట్లు చూస్తున్నాడు ఫోన్లో. దసరాకి చూద్దాం.

రాత్రి అన్నాలు తింటుండగా ఫ్రిజ్ టక్కుమని ఆగింది. "ఆగింది, ఆగింది" అని పిల్లాడు చెయ్యి కూడా కడుక్కోకుండా మీటరు దగ్గరికి పరిగెత్తాడు. కాసేపటికి మళ్ళీ మొదలైందనుకోండి, అయినా ఆగడమైతే ఆగింది. కింద మూల సరిగ్గా పట్టి ఉండాలని తలుపుకి స్టూలు ఒకటి అడ్డం పెట్టాం, నీళ్ళ సీసా కోసం వెళ్ళిన ప్రతివాళ్ళూ దాన్ని తన్నుకుని తిట్టుకుంటున్నారు. పడుకోబోయే ముందు మీటరు రీడింగ్ క్యాలెండర్ మీద ఇవాళ్టి గడిలో రాశాను. 200ని 30తో భాగిస్తే రోజుకి ఆరున్నర చిల్లర, అది దాటిన రోజు ఇస్త్రీ బంద్ అని అందరికీ చెప్పేశాను. ఇస్త్రీపెట్టె వైరుకి చుట్టిన టేపు ఎలాగూ ఊడొస్తోంది, అది వచ్చే నెల సంగతి.