కోరంగి మడల్లో గుర్తుల్లేని దారి: నా అనుభవం

రెండుసార్లు తలంటుకున్నా బురద వాసన ఇంకా వదల్లేదు. కాకినాడ దగ్గర, 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరంగి మడ అడవిలో అందరూ చూసేది చెక్కల వంతెన. నేను వెళ్ళింది అది దాటాక, పీతలు పట్టేవాళ్ళ అడుగులు తప్ప ఏ గుర్తూ లేని చోటికి.

వంతెన టికెట్టు లోపలి నడకకు చెల్లదు. దానికి అనుమతి వేరే. ఆ కాగితం కోసం ఒక కార్యాలయంలో మూడు బల్లలు తిరిగాను. మూడో బల్ల ఆయన మళ్ళీ మొదటి బల్లకే పంపాడు. పడవ, తోడుగా ఒక బెస్త పెద్దాయన మాత్రం పావుగంటలో కుదిరిపోయారు.

బయల్దేరే వేళ పోటు–పాటును బట్టి ఉంటుంది. పోటు రోజుకు సుమారు రెండు ఘడియలు (ఇంచుమించు యాభై నిమిషాలు) ఆలస్యంగా వస్తుంది, కాబట్టి నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు. నీరు తీస్తుండగా దిగాలి, మళ్ళీ పోటెక్కకముందే పడవ చేరాలి. వెళ్ళేటప్పుడు మోకాలి లోతున్న పాయ తిరిగొచ్చేసరికి మెడదాకా రావచ్చు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీరు మరీ ఎక్కువ లాగి, మరీ ఎక్కువ ఎక్కుతుంది. కొత్తవాళ్ళు అష్టమి చూసుకుని దిగితే మేలు.

ఇక బురద. నా పరువు తీసింది అదే. నున్నగా మెరిసే బురద గట్టిగా ఉంటుందనుకుని అడుగేశాను, తొడదాకా దిగిపోయాను. మెరుస్తోందంటే కింద వేళ్ళు లేవన్నమాట. నల్లమడ చెట్టు చుట్టూ పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చే ఊపిరి వేళ్ళున్న చోట నేల కాస్త ఆగుతుంది, ఎందుకంటే వాటి అడుగున అడ్డంగా పాకిన వేళ్ళ వల ఉంటుంది. ఉప్పుపొన్న చెట్ల ఊడల మొదళ్ళ మీద కాలు పెట్టొచ్చు కానీ జారతాయి.

దిగబడిన కాలిని నేను నిలువుగా లాగాను. అడుగున గాలి లేక బురద పట్టేసింది, రెండో కాలూ దిగింది. పెద్దాయన నవ్వాపుకోలేక, ‘‘లాగకండి బాబూ, మడమ తిప్పండి’’ అన్నాడు. మడమ అటూ ఇటూ తిప్పితే పక్కనుంచి నీరు దిగి పట్టు వదులుతుంది. ఆ లోగా బరువంతా కర్ర మీదో, ముందుకి వాలి రెండో మోకాలి మీదో వేయాలి. ఆరడుగుల వెదురుకర్ర లేకుండా దిగొద్దు. ప్రతి అడుగుకీ ముందు దాంతో పొడిచి చూడాలి.

చెప్పులు బురదే లాగేసుకుంటుంది. వట్టి కాళ్ళకైతే ఆల్చిప్పలు కోస్తాయి. బిగించి కట్టిన గుడ్డ బూట్లే దారి. తిల్లచెట్టు కొమ్మ విరవొద్దు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. తాగడానికి మనిషికి మూడు లీటర్లు మోసుకెళ్ళాలి, లోపల ఉన్నదంతా ఉప్పునీరే. మలుపుల్లో కళ్ళ ఎత్తున ఎర్ర గుడ్డపీలికలు కట్టండి, వచ్చేటప్పుడు విప్పేయండి. ఎవరో వదిలేసిన ప్లాస్టిక్ తాళ్ళు ఇప్పటికీ అక్కడ వేలాడుతున్నాయి, సిగ్గుండాలి.

ఇంటికి రాగానే బూట్లు మంచినీళ్ళలో నానబెట్టండి. నావి రేవులో వదిలేసి వచ్చినా పోయేది. మూడో నీళ్ళు కూడా నల్లగానే వస్తున్నాయి.