కంచు రౌతు రేడియోలో పరుగెత్తాలంటే

రష్యన్ కవి పుష్కిన్ 1833లో రాసిన ‘కంచు రౌతు’ దాదాపు 480 పంక్తుల కావ్యం. పైకి చదివితే ఇంచుమించు అరగంట. పీటర్స్‌బర్గ్‌ని ముంచెత్తిన వరదలో ప్రేయసి పరాషాని పోగొట్టుకుని మతి తప్పిన ఎవ్గేనీ అనే చిరుద్యోగి, ఆ నగరాన్ని కట్టించిన జార్ పీటర్ కంచు విగ్రహాన్ని బెదిరిస్తాడు, గుర్రం మీదున్న ఆ విగ్రహం అతన్ని తరుముతుంది. కథ ఇదీ. కావ్యంలో పాత్రలు నోరు విప్పి మాట్లాడే మాటలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దీన్ని రేడియో నాటకంగా మలచాలని కూర్చున్నవాళ్లు బెదిరేది అక్కడే. బెదిరి ఎవ్గేనీకి ఓ స్నేహితుణ్ణి అంటగడతారు, పరాషాతో ఓ ప్రేమ సన్నివేశం కల్పిస్తారు. పరాషా కావ్యంలో ఒక్కసారి కూడా కనపడదు, వినపడదు. అతని తలపుల్లోనే ఉంటుంది. ఆమెకి గొంతు ఇచ్చామంటే ఆమె లేకపోవడంలోని బరువంతా పోతుంది.

అసలు ఇక్కడ మాట లేని చోటల్లా చప్పుడుంది. ఎవ్గేనీ మతి తప్పడాన్ని కూడా పుష్కిన్ చెవి ద్వారానే చెప్పాడు. వరద తీసినా నేవా నది హోరు, గాలి హోరు అతని చెవుల్ని వదలవు. లోపలి కలవరం చేసే రొదలో బయటి లోకం అతనికి వినపడదు. అందుకే స్క్రిప్టు కంటే ముందు శబ్దాల పట్టిక రాసుకోవడం మంచిది.

దానికీ ముందు మూలం సంగతి చూసుకోవాలి. జార్ మొదటి నికొలస్ అభ్యంతరాలు పెట్టడంతో పుష్కిన్ దీన్ని పక్కన పెట్టేశాడు. ఆయన పోయాక 1837లో కవిమిత్రుడు జుకోవ్‌స్కీ చేసిన మార్పులతో ‘సొవ్రెమెన్నిక్’ పత్రికలో వచ్చింది. విగ్రహాన్ని ఎవ్గేనీ బెదిరించే చోట ఆ అచ్చులో కోత పడింది. మీ చేతిలో ఉన్న అనువాదంలో ఆ బెదిరింపు ఉందో లేదో తిరగేసి చూడండి. అది లేకపోతే గుర్రం ఎందుకు వెంటపడిందో శ్రోతకి అర్థం కాదు. పుష్కిన్ మీద ఎవరికీ హక్కుల్లేవు గానీ, అనువాదకుడికి ఉండొచ్చు.

భాష విషయంలో కావ్యమే దారి చూపిస్తుంది. పీటర్‌నీ, అతని నగరాన్నీ పొగిడే పీఠిక పాతకాలపు స్తోత్రం ధోరణిలో సాగుతుంది. ఎవ్గేనీ దగ్గరికి వచ్చేసరికి నడక వచనంలా అయిపోతుంది, వాక్యం ఒక పాదంలో ఆగక తర్వాతి పాదంలోకి జారుతుంది. తెలుగులో పీఠికకి సమాసాలున్న గంభీరమైన భాష, ఎవ్గేనీకి వాడుక భాష పెడితే ఆ తేడా దక్కుతుంది. రష్యన్ ఛందస్సుని దింపాలని చూడకండి. వచనమే మేలు. గుర్రం తరిమే ఘట్టంలో మాత్రం తిస్రగతిలో, అంటే మూడేసి మాత్రల నడకలో, పది పన్నెండు పాదాలు నడిపితే డెక్కల చప్పుడుకి మాట తోడవుతుంది.

గొంతులు అయిదారు చాలు: కథకురాలు, ఎవ్గేనీ, బాల్కనీ మీంచి రెండు మాటలనే వరద నాటి జార్ అలెగ్జాండర్, పడవవాడు, గుంపులోకి ఇద్దరు. చెప్పేది ఆడగొంతైతే మగ గొంతుల మధ్య కలిసిపోకుండా తేలుతుంది. మూలంలో పడవవాడికి మాటల్లేవు, పది కోపెక్కులకి ఎవ్గేనీని ఆ పోటెత్తిన నది దాటిస్తాడంతే. నాలుగు మాటలు కల్పించాలనుకుంటే అక్కడ కల్పించండి, కథ చెడదు. పేర్లు తగ్గించండి. ఎవ్గేనీ, పరాషా, నేవా, పీటర్ చాలు. పరాషా ఇల్లున్న దీవి పేరు అక్కర్లేదు, ‘అవతలి దీవి’ అంటే సరిపోతుంది.

ఇక వరద. 1824లో, పాత క్యాలెండర్ ప్రకారం నవంబర్ 7న, నేవా మామూలు మట్టం కంటే నాలుగు మీటర్లకి పైగా లేచింది. రేడియోలో ఈ అంకె ఎవరికీ ఎక్కదు. ఎక్కేది కావ్యంలోనే ఉంది: వీధుల్లో తేలిపోతున్న దూలాలు, పైకప్పులు, కొట్టుకుపోయిన శ్మశానంలోంచి వచ్చిన శవపేటికలు. ఖాళీ చెక్కపెట్టెని గోడకి మెల్లగా రెండుసార్లు తగిలించి రికార్డు చేయండి. శబ్దం ముందు రావాలి, అది శవపేటిక అన్న మాట తర్వాత రావాలి.

ఒట్టి నీటి హోరుతో పెద్ద చిక్కుంది. చిన్న స్పీకర్లో అది మూకుట్లో వేపుడులా వినపడుతుంది, లేదా స్టేషన్ సరిగా పట్టలేదనిపిస్తుంది. ముందు ఒక మాటతో అది నీళ్లని తెలియజెప్పి, తర్వాత హోరు పెంచాలి. హోరులో మొదట మునిగేది హల్లులే. మాట వచ్చినప్పుడు ఎఫెక్ట్స్‌ని 12 డెసిబెల్స్ దించి, వాటిలో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కొంత కోసేస్తే మాట నిలుస్తుంది.

ఆ హోరునే రెండో భాగంలో మళ్లీ వాడాలి, కొత్తది తేవద్దు. ఎవ్గేనీ తలలో మోగేటప్పుడు పై ఫ్రీక్వెన్సీలు తీసేసి, స్టీరియోని మోనో చేసి నడుమ పెట్టండి. మర్నాటి వీధిలో జనం ఏమీ జరగనట్టే తిరుగుతుంటారు, గుమాస్తా ఆఫీసుకి పోతాడు, వ్యాపారి తడిసిన నేలమాళిగ తెరుస్తాడు. ఆ మామూలు సందడి కింద ఈ మూసుకుపోయిన హోరు సన్నగా నడవాలి. దాదాపు ఏడాది తర్వాత రేవు దగ్గర అతను ఉలిక్కిపడి లేస్తాడు. వాన, గాలి, చీకట్లో దూరంగా కాపలావాడి కేక. అప్పుడు హోరుకి కోసిన పై ఫ్రీక్వెన్సీలన్నీ ఒక్కసారిగా తిరిగి ఇచ్చేయండి. ఏడాది కిందటి వరద మళ్లీ వచ్చిందని ఎవరూ చెప్పనక్కర్లేదు.

విగ్రహానికి గొంతు పెట్టొద్దు. కానీ చప్పుడు లేనిది రేడియోలో లేనట్టే. మొదటి భాగంలో ఎవ్గేనీ రాతి సింహం మీద కూర్చుని ఉండగా, రౌతు అతనికి వీపు చూపిస్తూ చెయ్యి చాచి ఉంటాడు. అక్కడే లోహంలోంచి గాలి దూసుకుపోయే సన్నని మోత ఒకటి పెట్టండి, రెండో భాగంలో అదే గుర్తు పట్టిస్తుంది. ఎవ్గేనీ బెదిరింపుని నటులు అరిచేస్తారు. పుష్కిన్ రాసింది కోపంతో వణుకుతూ గుసగుసలాడాడని. మైకుకి అయిదారు సెంటీమీటర్ల దూరంలో, కాస్త పక్కకి తిరిగి చెప్పించండి. ఎదురుగా చెబితే ‘ప’, ‘భ’లు మైకుని కొడతాయి.

డెక్కలకి కొబ్బరి చిప్పలు పనికిరావు, అవి రక్తమాంసాల గుర్రానికి. పుష్కిన్ ఈ పరుగుని బరువైనదనీ ఖంగుమనేదనీ ఒకే విశేషణంలో చెప్పాడు, అంటే రెండు ట్రాకులు కావాలి. రాతి మీద మందపాటి చెక్క వేసి రెండు కిలోల సుత్తితో కొట్టినది బరువుకి. ఇనుపరేకు మీద ఇనుపకడ్డీతో కొట్టి, సగం వేగానికి దించినది మోతకి. రీవర్బ్, అంటే గదిలో మోగినట్టు సాగే ప్రతిధ్వని, రెండు సెకన్లు, మోత ట్రాకుకే. రెండింటికీ పెడితే అంతా బురదైపోతుంది. ఫోను స్పీకర్లో 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ మిగలదు కాబట్టి బరువు 200 నుంచి 400 మధ్య కూడా ఉండాలి. ఎవ్గేనీ అడుగులకి, ఊపిరికి రీవర్బ్ వద్దు. తరమడం మొత్తం నిమిషానికి మించితే చెవి అలవాటు పడిపోయి భయం పోతుంది.

అరగంట స్లాటుకి 27 నిమిషాల నాటకం లెక్క వేసుకోండి. నిడివి మించితే కోత పీఠికలో పెట్టండి, అందమైన పంక్తులు పోయినా సరే. మర్నాటి వీధిలో మాత్రం ఒక్క క్షణం తీయొద్దు.